ఇంటి పిట్టల మేత – 4వ పాఠం: చీమ, ఉడుత, ఎలుక దారి మూయడం

పోయిన పాఠంలో మేత డబ్బా ఎలా తయారు చేయాలో, ఏ పిట్టకు ఏ గింజ పోయాలో చూశాం. జొన్నలు, కొర్రలు పోసి వేలాడదీసిన వాళ్ళకు ఈపాటికి ఒక సంగతి అర్థమై ఉంటుంది. పిచ్చుకల కంటే ముందు చీమలొస్తాయి. వాటి వెనక ఉడుత వస్తుంది. చీకటి పడ్డాక ఎలుకలు వస్తాయి. చాలామంది ఇక్కడే విసిగిపోయి డబ్బా తీసేస్తారు, లేదా మందు పెడతారు. రెండూ అక్కర్లేదు.

పిట్ట గాలిలోంచి వచ్చి వాలుతుంది. చీమ, ఉడుత, ఎలుక మాత్రం దేన్నో ఒకదాన్ని పట్టుకుని ఎక్కాలి, లేదా దిగాలి. ఆ దారి ఏదో కనిపెట్టి అక్కడే ఆపితే చాలు, పిట్ట జోలికి మనం పోనక్కర్లేదు. ఈ పాఠమంతా ఈ ఒక్క లెక్క మీదే నడుస్తుంది.

ముందు చీమలు. వేలాడే డబ్బాకు అవి పైనుంచి తీగ మీదుగానే దిగుతాయి. ఒక చిన్న ప్లాస్టిక్ గిన్నె అడుగున మధ్యలో బెజ్జం పెట్టి, అందులోంచి తీగ దూర్చి, బెజ్జాన్ని ఎమ్‌సీల్‌తో మూసేయండి. గిన్నె డబ్బాకు పైన ఉండాలి. ఎమ్‌సీల్ గట్టిపడ్డాక నీళ్ళు పోయండి. చీమ నీళ్ళ దాకా వచ్చి వెనక్కి తిరుగుతుంది. మన ఎండలకు ఏప్రిల్, మే నెలల్లో ఆ నీళ్ళు సాయంత్రానికి ఇంకిపోతాయి, కాబట్టి పొద్దునా మధ్యాహ్నం రెండుసార్లు చూసుకోవాలి. మిగతా కాలంలో రెండు రోజులకోసారి పారబోసి కొత్తవి పోయండి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. అందులో నూనె గానీ, కిరోసిన్ గానీ వేయకండి. దాహమైన పిట్ట ఆ గిన్నెలోనే మూతి పెడుతుంది.

తీగకు గ్రీజు పూయమని చెప్పేవాళ్ళున్నారు. దయచేసి పూయొద్దు. పిట్ట రెక్కకు గ్రీజు అంటితే ఈకలు అతుక్కుపోతాయి, ముక్కుతో ఎంత దువ్వుకున్నా పోదు, ఎగరడం కష్టమవుతుంది. చీమల చాక్‌పీసు గీతలు కూడా డబ్బా దగ్గర పనికిరావు, అందులో ఉండేది పురుగుమందే.

ఉడుత దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, అది చీమలా ఒకే దారిలో రాదు. వేప కొమ్మ మీంచి దూకుతుంది, గోడ ఎక్కుతుంది, కేబుల్ వైరు మీద పరుగెత్తుతుంది. అందుకని మొదట చోటు మార్చండి. కొమ్మకు, గోడకు, వైర్లకు ఎనిమిది పది అడుగుల దూరంలో స్తంభం పాతి, దాని మీద డబ్బా పెట్టడం అన్నిటికన్నా మేలు. అంత దూరం ఉడుత దూకలేదు. డేగ కనపడితే పిచ్చుక మాత్రం ఒక్క ఎగురుతో చెట్టులోకి దూరిపోతుంది. పొద చాటున పిల్లి కాపు కాయకుండా కూడా ఈ దూరమే కాపాడుతుంది.

స్తంభానికి నున్నటి జీఐ పైపు (జింకు పూత పూసిన ఇనుప పైపు) వాడండి. దానికి పదిహేను కిలోల ఖాళీ నూనె డబ్బా తొడగాలి. డబ్బా అడుగు భాగం పూర్తిగా కోసేసి, పై మూత మధ్యలో పైపు పట్టేంత బెజ్జం చేసి, నేల నుంచి నాలుగడుగుల ఎత్తున బిగించండి. తెరిచిన వైపు కిందికి ఉండాలి. పైపు ఎక్కే ఉడుత, ఎలుక ఆ డబ్బా లోపలికి దూరి, పైన మూత తగిలి ఆగిపోతాయి. కోసిన అంచులు లోపలికి మడిచి సుత్తితో కొట్టండి, ఏ ప్రాణికీ గీసుకోకూడదు. స్తంభం పాతే చోటు లేక బాల్కనీలో వేలాడదీసేవాళ్ళు చీమల గిన్నెకు పైన ఒక వెడల్పాటి స్టీలు పళ్ళెం బోర్లించి, వదులుగా కట్టండి. ఉడుత కాలు పెట్టగానే అది పక్కకు వాలుతుంది.

ఇవి చేశాక కూడా ఉడుత వస్తుంటే కారం పొడి ఉంది. కారంలోని మంట మనకు, ఉడుతకు, ఎలుకకు తెలుస్తుంది, పిట్టకు తెలియదు. అడవి మిరప గింజలను దూరదూరాలకు చేర్చేది పిట్టలే. కిలో గింజలకు రెండు చెంచాల కారం, గింజకు అంటుకునేందుకు కొద్దిగా నూనె కలిపితే సరిపోతుంది. పొడిగా చల్లితే గాలికి లేచి కళ్ళలో పడుతుంది, పిట్టల కళ్ళలోనూ పడుతుంది. గాలి దుమారం రోజుల్లో అసలు వద్దు.

ఉడుతను శత్రువుగా చూడమని నేను చెప్పడం లేదు. రాముడి వేళ్ళ గుర్తులు వీపున మోసే ప్రాణి అది. కాకపోతే అది గుడ్లను కూడా తింటుంది, అందుకే పిచ్చుకల గూటి పెట్టెలు మేత దగ్గర కట్టకండి. పాలమూరు పల్లీలు ఎంత మంచివైనా డబ్బాలో పోయకండి. ఉడుతను, కాకిని పిలిచేది పల్లీ వాసనే.

పావురాలు గాలిలోంచే వస్తాయి కాబట్టి దారి మూసే లెక్క వాటికి కుదరదు. అక్కడ ఒంటి కొలత పని చేస్తుంది. డబ్బా చుట్టూ అంగుళంన్నర గళ్ళ వెల్డ్‌మెష్ జాలీ కట్టండి. పిచ్చుక దూరుతుంది, పావురం దూరదు. గోరింకలు, రామచిలుకలు కూడా దూరలేవు, వాటికోసం విడిగా నాలుగు జొన్న కంకులు కట్టండి.

ఎలుకల విషయంలో డబ్బా కన్నా నేల ముఖ్యం. రాలిన గింజలకోసం ఎలుక వస్తుంది, పందికొక్కు వస్తుంది, వాటికోసం నాగుపామో జెర్రిపోతో వస్తుంది. పిల్లలు ఆడుకునే వాకిట్లో అది చిన్న విషయం కాదు. పొద్దున ఎంత పోస్తే సాయంత్రానికి అయిపోతుందో అంతే పోయండి, పొద్దు గూకేలోపు కింద ఊడ్చేయండి. ఎలుకల మందు మాత్రం పెట్టొద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. మందు తిన్న ఎలుకను గుడ్లగూబ తింటే ఆ విషం దానికీ ఎక్కుతుంది, పిల్లికీ అంతే. ఒక్క గుడ్లగూబ మన పొలాల్లో ఎన్ని ఎలుకలను పడుతుందో రైతులకు తెలుసు. జిగురు అట్టలూ అంతే, వాటికి ఎలుకకన్నా ముందు బల్లి, పిచ్చుక అంటుకుంటాయి.

ఇక కోతులు. అచ్చంపేట వైపు, దేవరకొండ వైపు ఉండేవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఏ డబ్బా వాటికి ఆగదు. మంద ఊళ్ళోకి వచ్చిన రోజుల్లో గింజలు లోపల పెట్టేసి, నీళ్ళ గిన్నె ఒక్కటే ఉంచండి.

ఈ వారం పని: ఏదీ కొనకముందు ఒక పొద్దున, ఒక సాయంత్రం డబ్బాకు దూరంగా కూర్చుని చూడండి. ఏది వచ్చింది, ఏ కొమ్మ మీంచి, ఏ తీగ మీదుగా వచ్చిందో కాగితం మీద గీసుకోండి. ఎక్కువ గీతలు ఎక్కడ కలుస్తాయో, గిన్నె గానీ నూనె డబ్బా గానీ ముందు అక్కడ బిగించండి. కొత్త వస్తువు చూసి పిచ్చుకలు రెండు మూడు రోజులు రాకపోవచ్చు, తొందరపడి తీసేయకండి. వచ్చే పాఠంలో తడిసి బూజు పట్టిన గింజలు, డబ్బా కడగడం.