హెచ్‌టూఎస్ స్పాన్ ఫెయిలైతే ముందు గొట్టం చూడండి

నాలుగు వాయువుల పోర్టబుల్ ఎనలైజర్‌లో ఆక్సిజన్, సీఓ (కార్బన్ మోనాక్సైడ్), మీథేన్ మూడూ క్యాలిబ్రేషన్ (తెలిసిన గ్యాస్‌తో రీడింగ్ సరిచూడటం) పాసయ్యాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ (హెచ్‌టూఎస్) మాత్రం స్పాన్‌లో, అంటే తెలిసిన మోతాదు గ్యాస్ ఇచ్చి రీడింగ్‌ను దానికి సరిచేసే దశలో, 25 పీపీఎం (పది లక్షల్లో 25 వంతులు) గ్యాస్ ఇచ్చినా 17 దగ్గరే నిలిచిపోయింది. సెన్సర్ చచ్చిపోయిందని వెంటనే మార్చెయ్యకండి. ఈ వాయువు సిలికాన్, మామూలు రబ్బరు గొట్టాల గోడలకు పట్టేస్తుంది. ఇత్తడి రెగ్యులేటర్‌తోనూ చర్య జరుపుతుంది. మీటరు పొడవున్న సిలికాన్ గొట్టం తీసేసి జానెడు టెఫ్లాన్ గొట్టం, స్టెయిన్‌లెస్ స్టీల్ రెగ్యులేటర్ పెట్టగానే రీడింగ్ 24కి ఎక్కింది.

జీరో (విషవాయువులు, మీథేన్ లేనప్పటి సున్నా) ఎప్పుడూ శుభ్రమైన గాలిలోనే సెట్ చేయాలి, అప్పుడు ఆక్సిజన్ 20.9 శాతం చూపాలి. స్పాన్ గ్యాస్ ఫ్లో నిమిషానికి 0.5 లీటరు. అంకె కదలకుండా నిలబడ్డాకే స్పాన్ ఖాయం చేయాలి. ఇంకా ఎక్కుతుండగానే నొక్కేస్తే మీటరు ఆ తర్వాత అంతా ఎక్కువ చూపిస్తుంది.

సిలిండర్ గడువు తప్పక చూడాలి. పాతబడితే లోపలి హెచ్‌టూఎస్ తగ్గిపోతుంది, తప్పు మాత్రం సెన్సర్ మీదకి వస్తుంది.

మీథేన్ తక్కువ చూపితే కథ వేరు. క్యాటలిటిక్ బీడ్ (మీథేన్‌ను మండించి కొలిచే సెన్సర్‌లోని చిన్న పూస) పనిచేయాలంటే ఆక్సిజన్ కావాలి; నైట్రోజన్‌లో మాత్రమే కలిపిన మీథేన్ దానికి పనికిరాదు. సిలికాన్ స్ప్రే ఆవిరి తగిలి బీడ్ పాడైతే మాత్రం ఏ క్యాలిబ్రేషనూ నిలబెట్టదు, సెన్సర్ మార్చాల్సిందే.