పాత కారు మనమే చూసుకుందాం, 4వ పాఠం: ఎత్తు మీద గుంజని బండికి చోక్ పరీక్ష

పోయిన పాఠంలో ప్లగ్గులు, పాయింట్లు చూశాం. మూడు సిలిండర్లలోనూ స్పార్క్ గట్టిగా పడుతోందని తేలాకే ఈ పాఠంలోకి రండి. మన బండి అదే, కార్బొరేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే భాగం) ఉన్న పాత మారుతి 800, 796 సీసీ ఇంజిన్.

ఈసారి జబ్బు ఇది. హన్మకొండ వీధుల్లో తిరిగినంతసేపు బండి బాగానే ఉంటుంది. నలుగురు ఎక్కి కాజీపేట బ్రిడ్జి ఎక్కేటప్పుడో, హైదరాబాద్ రోడ్డు మీద 70 దాటించాలని చూసినప్పుడో మాత్రం దమ్ము చాలదు, కాలు ఎంత తొక్కినా గుంజదు.

ఇంజిన్ జోలికి వెళ్లేముందు రెండు చూడండి. మూడో గేరులో గట్టిగా తొక్కితే ఇంజిన్ మోత పెరిగి స్పీడు పెరగకపోతే క్లచ్ జారుతోంది. కొంత దూరం నడిపి ఆపాక నాలుగు చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి, ఒకటి మాత్రమే బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేస్తోంది. రెండూ లేవంటే అసలు పాఠంలోకి వద్దాం.

చోక్ నాబ్ ఉందిగా, పొద్దున చలికి లాగేది. అది చేసేది గాలి దారిని మూయడం, దాంతో గాలి తగ్గి పెట్రోలు పాలు పెరుగుతుంది. కాబట్టి రద్దీ లేని ఎత్తు రోడ్డు చూసుకుని, మూడో గేరులో పూర్తిగా తొక్కి, బండి దమ్ము కోల్పోతున్న సమయంలోనే పక్కన కూర్చున్న మనిషితో చోక్ సగం లాగించండి. మూడు నాలుగు సెకన్లు చాలు, మీ చూపు రోడ్డు మీదే ఉండాలి. బండి ఒక్కసారిగా పుంజుకుందా, పెట్రోలు చాలడం లేదన్నమాట. ఇంకా ఉక్కిరిబిక్కిరై నల్ల పొగ వదిలిందా, పెట్రోలు ముందే ఎక్కువైంది, ముందు ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి. పత్తి, మిర్చి సీజనులో ఎనుమాముల మార్కెట్ వైపు తిరిగే బండ్ల ఫిల్టర్లు త్వరగా దుమ్ము పడతాయి. ఏ తేడా రాలేదంటే జబ్బు ఇంకెక్కడో ఉంది, దాన్ని వచ్చే పాఠంలో పట్టుకుందాం. రూపాయి ఖర్చు లేని ఈ పరీక్ష చేయకుండా కార్బొరేటర్ విప్పనివ్వకండి, దయచేసి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నా బండి ములుగు దాటి తాడ్వాయి అడవిలోకి వెళ్లాక ఆగిపోయేది, పది నిమిషాలు ఆగితే మళ్లీ స్టార్టయ్యేది. పిల్లలతో ఆ రోడ్డు మీద ఎంత టెన్షన్ పడ్డామో. ఒక షెడ్డులో రెండుసార్లు కార్బొరేటర్ విప్పి కడిగారు. చివరికి తేలింది పెట్రోలు ట్యాంకు మూత! పెట్రోలు తగ్గేకొద్దీ ట్యాంకులోకి గాలి పోవాలి, ఆ దారి మూసుకుపోతే లోపల వాక్యూమ్ ఏర్పడి పంపు పెట్రోలును లాగలేదు. బండి నీరసించగానే పక్కకు ఆపి మూత తిప్పండి, ఉస్సుమని గాలి లోపలికి పోయి, ఆ తర్వాత బండి బాగా నడిస్తే దొంగ దొరికినట్టే.

మూత బాగుంటే పెట్రోలు దారి వెంట వెళ్దాం. ట్యాంకు నుంచి పంపు దాకా ఉండే రబ్బరు పైపు పగిలితే పెట్రోలు బయటికి కారకపోవచ్చు, ఎందుకంటే అక్కడ పంపు లాగుతోంది, పగులులోంచి గాలి లోపలికి పోతుంది. అందుకే కింద తడి లేదు కదా అని వదిలేయకండి. లోపల ఏముందో బయటికి కనిపించే పెట్రోలు ఫిల్టర్ ఉంటే ఇంజిన్ నడుస్తుండగా చూడండి, బుడగలు ఆగకుండా వస్తుంటే అదే. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, పాత రబ్బరుకు అది పడదు, ముట్టుకుంటే మెత్తగా జిగటగా ఉన్నా, గట్టిపడి పగుళ్లు తేలినా పైపు మార్చేయండి. ఖర్చు తక్కువే.

ఆ తర్వాత పంపు. ఇంజిన్ చల్లారాక, ఆరుబయట, బీడీ సిగరెట్ దగ్గర లేకుండా చూసుకుని, కాయిల్‌కు (స్పార్క్‌కు కరెంటు ఇచ్చేది) వచ్చే సన్న వైరు ఊడదీయండి, స్పార్క్ రాకూడదు. కార్బొరేటర్ దగ్గర పెట్రోలు పైపు విప్పి సీసాలో పెట్టి, ఒకరిని సెల్ఫ్ కొట్టమనండి. పెట్రోలు ఆగి ఆగి, గట్టిగా చిమ్మాలి. సన్నగా కారితే ముందు పెట్రోలు ఫిల్టర్ మార్చి మళ్లీ చూడండి, అప్పటికీ అంతే ఉంటే పంపు. ఆ సీసాను పది నిమిషాలు కదపకుండా ఉంచండి, నీళ్లుంటే అడుగున వేరుగా కనిపిస్తాయి, అప్పుడు ట్యాంకు కడగాలి. ఇవన్నీ బాగుండి, చోక్ లాగితేనే బండి పుంజుకుంటోందంటే, ఇప్పుడు జెట్‌లో, అంటే కార్బొరేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రంలో, కచరా ఉందని అనుమానించి కార్బొరేటర్ విప్పొచ్చు.

ఈ వారం పని: చోక్ పరీక్ష రెండుసార్లు చేయండి, ఒకటి ఇంజిన్ వేడెక్కిన వెంటనే, ఇంకొకటి అరగంట నడిపాక. ఏ గేరు, ఎంత స్పీడు, చోక్‌కు ఏమైంది, అన్నీ నోటుబుక్కులో రాయండి. తేడా రాని వాళ్లు వచ్చే పాఠానికి కంప్రెషన్ గేజ్ (సిలిండర్‌లో ఒత్తిడి కొలిచేది) ఒకటి అడిగి తెచ్చుకోండి, చెంచాడు ఇంజిన్ ఆయిల్ కూడా కావాలి.