పాత ఫోర్డ్ ఎఫ్-150కి స్పార్క్ ప్లగ్‌లు మార్చే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

2004 నుంచి 2008 వరకు వచ్చిన ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ట్రక్కుల్లో, 5.4 లీటర్ల, సిలిండర్‌కు మూడు వాల్వుల ట్రైటన్ వి8 ఇంజన్ ఉన్నవాటికి స్పార్క్ ప్లగ్‌లు మార్చడాన్ని మామూలు సర్వీసు పని అనుకొని మొదలుపెట్టకూడదు. మన ఊళ్ళలో తిరిగే లారీలు ఎక్కువగా డీజిల్ బళ్ళు కనుక వాటికి స్పార్క్ ప్లగ్‌లే ఉండవు. అమెరికాలో స్థిరపడిన మనవాళ్ళలో ట్రెయిలర్ లాగడానికో, పెరటి పనులకో ఇలాంటి పాత పికప్ కొన్నవారు మాత్రం ఎప్పుడో ఒకప్పుడు ఈ పనిని ఎదుర్కొనక తప్పదు. అదే కాలపు ఎక్స్‌పెడిషన్, లింకన్ నేవిగేటర్‌లలో ఇదే ఇంజన్ ఉన్నవారికి కూడా ఈ జాగ్రత్తలు వర్తిస్తాయి. 2008 మోడల్ బళ్ళలో కొన్నిటికి మార్పు చేసిన సిలిండర్ హెడ్ (సిలిండర్లను పైనుంచి మూసే, ప్లగ్‌లు బిగించే భాగం), వేరే రకం ప్లగ్ ఉంటాయి కనుక, ఇంజన్ తయారైన తేదీ చూసుకున్న తరువాతే ప్లగ్‌లు కొనాలి.

ప్రమాదం ఎక్కడుందో ముందు తెలియాలి. సాధారణ ప్లగ్‌కు మరలు దాదాపు కింది కొస వరకు ఉంటాయి. ఈ ప్లగ్‌కు మరలు పైనే ఆగిపోయి, వాటి కింద పొడవాటి నున్నని ఉక్కు గొట్టం సిలిండర్ హెడ్‌లోని రంధ్రంలోకి దిగి ఉంటుంది. ఆ గొట్టం ప్లగ్‌తో ఏకంగా పోత పోసినది కాదు, విడిగా చేసి పై భాగానికి నొక్కి అతికించినది. ఏళ్ళ తరబడి నడిచిన ఇంజన్‌లో గొట్టానికీ హెడ్‌కూ మధ్యనున్న సందులో మసి పేరుకొని గట్టిపడుతుంది. అప్పుడు రెంచితో తిప్పితే పై భాగం తిరుగుతుంది కానీ గొట్టం కదలదు. అతుకు ఊడిపోయి, గొట్టం, ఒక్కొక్కసారి దానితోపాటు పింగాణీ ముక్క కూడా లోపలే ఉండిపోతాయి. ఈ సమస్య తెలిసే ఫోర్డ్ కంపెనీ 2008లో ప్లగ్‌లు విప్పే పద్ధతిని వివరిస్తూ సాంకేతిక సూచన విడుదల చేసింది. దానిలోని క్రమాన్ని ఉన్నది ఉన్నట్లుగా పాటించడం మేలని నా గట్టి అభిప్రాయం.

మరునాడు ఉద్యోగానికి ఇదే బండి కావలసి ఉంటే ఈ పని ఆ రోజు పెట్టుకోవద్దు. ఎనిమిది ప్లగ్‌లలో ఒక్కటి విరిగినా బండి కదలదు. కనుక రెండు రోజుల సెలవు, మరో బండి, విరిగిన ముక్కను తీసే ప్రత్యేక పరికరం దగ్గర ఉంచుకొని మొదలుపెట్టాలి. ఈ ఇంజన్ కోసమే చేసిన లైల్ 65600 అనే పరికరం అమెరికాలోని విడిభాగాల దుకాణాల్లో దొరుకుతుంది. అవసరం పడినప్పుడు తెచ్చుకోవచ్చులే అనుకుంటే, విప్పిన బండిని వాకిట్లో వదిలి దానికోసం తిరగవలసి వస్తుంది.

ఇంజన్ పూర్తిగా చల్లారి ఉండాలి. వేడిగా ఉన్నప్పుడు ప్లగ్ సులువుగా వస్తుందని చెప్పేవారు ఉన్నారు. ఫోర్డ్ సూచన మాత్రం గది ఉష్ణోగ్రతకు ఇంజన్ రావాలనే చెబుతోంది. హెడ్ అల్యూమినియంది కనుక వేడి మీద మరలు చెడిపోయే భయం కూడా ఉంది. రాత్రంతా బండిని కదపకుండా ఉంచి ఉదయం పని చేయడం ఉత్తమం. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, ప్లగ్‌లపై కూర్చొని వాటికి విద్యుత్తు అందించే కాయిల్‌లను ఒక్కొక్కటిగా మెల్లగా మెలితిప్పుతూ పైకి తీయాలి. పాతబడిన రబ్బరు తొడుగు చిరిగి ముక్క ప్లగ్ ఉండే గుంటలోనే ఉండిపోవచ్చు. వెనుక సిలిండర్ల కాయిల్‌లు అద్దం కింది రేకు చాటున ఉంటాయి, చెయ్యి కష్టంగా దూరుతుంది. చోటు కోసం ఇంధన గొట్టాలను వదులు చేయాలనిపించినా, అందులో పెట్రోలు ఒత్తిడితో ఉంటుందని మరువవద్దు. కాయిల్‌లు వచ్చాక కళ్ళద్దాలు పెట్టుకొని, ప్రతి గుంటనూ గాలి గొట్టంతో ఊది శుభ్రం చేయాలి. ఇసుక, ఆకు తునకలు అక్కడ తప్పక ఉంటాయి. ప్లగ్ తీసిన క్షణంలో అవి సిలిండర్‌లోకి జారతాయి.

అన్నిటికంటే ముఖ్యమైన ఘట్టం దీని తరువాతిది. ప్లగ్‌ను మొదట ఎనిమిదో వంతు చుట్టు నుంచి, మహా అయితే పావు చుట్టు వరకు మాత్రమే వదులు చేసి ఆగాలి. తేలికగానే తిరుగుతోంది కదా అని ఇంకొంచెం తిప్పాలనిపిస్తుంది, ఆ కొంచెంలోనే గొట్టం తెగుతుంది. ఆపై కార్బొరేటర్ క్లీనర్‌ను అర టీ చెంచా నుంచి ముప్పావు టీ చెంచా వరకు గుంటలో పోసి, కనీసం పదిహేను నిమిషాలు నాననివ్వాలి. అది మరల సందుల గుండా దిగి మసిని మెత్తబరుస్తుంది. ఈ వ్యవధిలో ప్లగ్‌ను అటూ ఇటూ కదపకూడదు. ఎక్కువ పోస్తే త్వరగా వస్తుందనుకోవడం పొరపాటు. పిస్టన్ పైకి లేచినప్పుడు సిలిండర్‌లో నిలిచిన ద్రవం నలగదు, పిస్టన్‌ను నడిపే కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. ఆ ద్రవానికి నిప్పంటుకునే గుణం ఉంది కనుక గ్యారేజి తలుపు తెరిచి ఉంచి, మంటను దూరంగా పెట్టాలి.

నానిన తరువాత ప్లగ్‌ను తిరిగి బిగించి, మళ్ళీ కొద్దిగా వదులు చేసి, ఇలా ముందుకూ వెనక్కూ తిప్పుతూ బిగువు తగ్గుతున్న కొద్దీ మాత్రమే పైకి తీసుకురావాలి. చేతికి గట్టిగా తగిలినా, కీచుమనే శబ్దం వచ్చినా అక్కడే ఆగి, మళ్ళీ క్లీనర్ పోసి నాననివ్వాలి. ఇంపాక్ట్ గన్ (కొడుతూ తిప్పే యంత్రపు రెంచి) ఈ పనికి తేవద్దు. రెంచికి తగిలించే పొడవాటి ఎక్స్‌టెన్షన్ కడ్డీని నిటారుగా పట్టుకోవాలి, పక్కకు ఒరిగితే పింగాణీ చిట్లుతుంది. బయటికి వచ్చిన ప్రతి ప్లగ్‌నూ వెంటనే కొత్త ప్లగ్ పక్కన పెట్టి పొడవు సరిచూసుకొని, సిలిండర్ సంఖ్య రాసిన అట్టముక్కపై వరుసగా ఉంచితే, ఏ గొట్టం లోపల ఉండిపోయిందో సందేహం ఉండదు.

విరిగితే కంగారుపడి డ్రిల్లు దించవద్దు. లోపల పింగాణీ ఉంటే, పరికరంలోని పుల్లతో దానిని ముందు గొట్టంలోనే కిందికి నొక్కి, గ్రీజు పూసిన ట్యాప్‌తో (మరలు కోసే పనిముట్టుతో) గొట్టం లోపలి అంచున మరలు వేసి, తరువాత లాగే కడ్డీని బిగించి నట్టుతో పైకి తీయాలి. గ్రీజు లోహపు పొట్టును పట్టి ఉంచుతుంది. ముక్క వచ్చాక సన్నని గొట్టం తగిలించిన వాక్యూమ్‌తో సిలిండర్‌ను శుభ్రం చేసి, బోర్‌స్కోప్‌తో (లోపలికి దూర్చే సన్నని కెమెరాతో) చూసిన తరువాతే ముందుకు సాగాలి. పరికరం పట్టు దొరకకపోతే ఆ ఒక్క ప్లగ్ కోసం మెకానిక్‌ను పిలిపించడమే వివేకం.

కొత్త ప్లగ్ కింది గొట్టానికి మాత్రమే నికెల్ యాంటీ సీజ్ (పట్టేయకుండా పూసే లేపనం) పలుచగా పూయాలి, ఎలక్ట్రోడ్‌కు అంటనీయకూడదు. ఒకే ముక్కగా చేసిన ప్లగ్‌లను ఛాంపియన్ వంటి ఇతర కంపెనీలు అమ్ముతున్నాయి, మళ్ళీ విప్పవలసిన రోజును తలచుకుంటే అవి ఆలోచించదగినవే. మొదటి చుట్లు చేతితోనే ఎక్కించి, 25 అడుగు-పౌండ్ల వరకు, అంటే సుమారు 34 న్యూటన్ మీటర్ల వరకు బిగువును కొలిచే టార్క్ రెంచితో బిగించాలి.

ఇంజన్ మొదటిసారి తిరిగినప్పుడు మిగిలిన క్లీనర్ కాలి కాసేపు పొగ రావచ్చు. కానీ చెక్ ఇంజన్ దీపం ఆగి ఆగి వెలుగుతుంటే ఏదో సిలిండర్ మండడం లేదని అర్థం. అలాగే నడిపితే కాలని పెట్రోలు వెళ్ళి, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడు చేస్తుంది. వెంటనే ఇంజన్ ఆపి, కాయిల్ కనెక్టర్లు పూర్తిగా కూర్చున్నాయో లేదో, ముఖ్యంగా చెయ్యి అందని వెనుకవాటిని, ఒక్కొక్కటిగా నొక్కి చూడాలి.