ఆటోక్యాడ్‌లో మన ఇటుకకి సరిపోయే హాచ్ ప్యాటర్న్ రాసుకోవడం

ఎలివేషన్‌లో, అంటే గోడని ఎదురుగా చూపే బొమ్మలో, ఇటుక గోడ చూపించాలంటే చాలామంది ఆటోక్యాడ్ డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌తో వచ్చే ఏఆర్-బి816 హాచ్ (ఒక జాగాని నింపే గీతల నమూనా) పెట్టేస్తారు. అది 16 అంగుళాల పొడవు, 8 అంగుళాల ఎత్తు ఉండే కాంక్రీటు బ్లాకుది. పొడవు ఎత్తుకి రెండింతలు. మన 9 అంగుళాల ఇటుక 3 అంగుళాల ఎత్తుకి మూడింతలు. స్కేలు మారిస్తే పొడవు, ఎత్తు రెండూ కలిసే మారతాయి కాబట్టి ఏ స్కేలు పెట్టినా ఇటుక వరసలు లెక్కకి రావు. సొంతంగా రాసుకోవాల్సిందే. ఫైల్లో రాయాల్సింది మూడు వరుసలు.

ముందు ఒక నిర్ణయం తీసుకోండి: ప్యాటర్న్‌ని అసలు కొలతల్లో, మిల్లీమీటర్లలోనే రాయాలి. అప్పుడు మిల్లీమీటర్ల డ్రాయింగులో స్కేలు ఎప్పుడూ 1. మీటర్ల డ్రాయింగైతే 0.001. స్కేలు ఊహించాల్సిన అవసరమే ఉండదు.

సిమెంటు జాయింటుతో కలిపి ఇటుక పొడవు 230, ఎత్తు 75 అనుకుందాం. నోట్‌ప్యాడ్ తెరిచి ఇలా రాయండి:

*ఇటుక230, తొమ్మిదంగుళాల ఇటుక
0, 0,0, 0,75
90, 0,0, 75,115, 75,-75

మొదటి వరుసలో పేరు, వివరణ ఉంటాయి. అసలు ఫైల్లో వీటిని ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైపు చేయండి, పేరులో ఖాళీ వదలకండి. కింది వరుసల్లో అంకెలు ఈ క్రమంలో వస్తాయి: గీత కోణం, మొదలయ్యే చోటు ఎక్స్, వై, తర్వాతి గీత ఎంత జరగాలి, ఎంత ఎడంగా ఉండాలి, చివర్లో గీత పొడవు, ఖాళీ పొడవు. గీతకి ప్లస్ అంకె, ఖాళీకి మైనస్, చుక్కకి 0. ఇలాంటివి వరుసకి ఆరు దాకా ఇవ్వొచ్చు. అసలు ఇవ్వకపోతే గీత తెగకుండా సాగుతుంది.

అందరూ తడబడేది నాలుగు, ఐదో అంకెల దగ్గర. అవి డ్రాయింగు ఎక్స్, వైలు కావు. నాలుగోది గీత వెంబడి జరిగే దూరం, ఐదోది గీతకి అడ్డంగా ఉండే ఎడం. పై రెండో గీత 90 డిగ్రీలది, అంటే నిలువుది. కాబట్టి 75 అంటే పైకి ఒక వరస జరగడం, 115 అంటే పక్కకి సగం ఇటుక. నిలువు జాయింటు 75 పొడవున కనిపించి, మరో 75 కనిపించకుండా పోతుంది. పక్క జాయింటు 115 దూరంలో, ఒక వరస పైన మొదలవుతుంది. దాంతో ఒక వరసలో జాయింట్లు 230కి ఒకటి పడతాయి, పై వరసలో అవే సగం తప్పుకుని పడతాయి. తాపీమేస్త్రీ గోడ కట్టేదీ ఇలాగే.

ఇదే సూత్రంతో 190×90×90 మాడ్యులర్ ఇటుకకి 10 మి.మీ. జాయింటు కలిపి 200, 100 పెట్టుకుంటే రెండు వరుసలూ 0, 0,0, 0,100 అనీ 90, 0,0, 100,100, 100,-100 అనీ అవుతాయి.

పరీక్షకి 2300 పొడవు, 750 ఎత్తు ఉన్న దీర్ఘచతురస్రం గీసి హాచ్ కొట్టండి. హాచ్ ఆరిజిన్‌ని, అంటే ప్యాటర్న్ మొదలయ్యే బిందువుని, దాని ఎడమ కింది మూలకి పెట్టండి. పది ఇటుకలు, పది వరసలు సరిగ్గా పడాలి. రాకపోతే తప్పు ఎక్కడుందో బొమ్మే చెబుతుంది. ఒక వరసలో 115కి ఒక జాయింటు వచ్చి, పై వరసలో ఒక్కటీ లేకపోతే నాలుగో అంకె 0 అయింది. జాయింట్లు వరస గీతల్ని దాటుకుని నిలబడితే 75, 115 తారుమారయ్యాయి. నిలువు గీతలు కింది నుంచి పైదాకా తెగకుండా వస్తే చివరి మైనస్ మర్చిపోయారు.

సేవ్ చేసేటప్పుడు ఫైలు పేరు, ప్యాటర్న్ పేరు ఒకటే ఉండాలి, ఒక ఫైల్లో ఒకే ప్యాటర్న్ ఉండాలి. చివర డాట్ ప్యాట్ అని పెట్టి, ఫైలు రకంలో 'ఆల్ ఫైల్స్' ఎంచుకోండి. లేకపోతే నోట్‌ప్యాడ్ వెనక డాట్ టీఎక్స్‌టీ తగిలిస్తుంది, ఆటోక్యాడ్‌కి ఆ ఫైలు కనబడదు. ఎన్‌కోడింగ్ ఆన్సీ పెట్టడం క్షేమం. చివరి వరుస తర్వాత ఎంటర్ కొట్టడం తప్పనిసరి. కొట్టకపోతే ఆ వరుస చదవకుండా వదిలేయడమో, ఎర్రర్ ఇవ్వడమో జరుగుతుంది. వెయ్యి దాటిన అంకెల్లో కామా పెట్టకండి. 1,200 అని రాస్తే అది 1, 200 అని రెండు అంకెలైపోతుంది.

ఈ ఫైళ్లకి వేరే ఫోల్డరు పెట్టుకుని, ఆప్షన్స్‌లో ఫైల్స్ ట్యాబు కింద సపోర్ట్ ఫైల్ సెర్చ్ పాత్‌కి (ఆటోక్యాడ్ ఫైళ్లు వెతికే ఫోల్డర్ల జాబితాకి) ఆ ఫోల్డరు చేర్చండి. ఆటోక్యాడ్‌తో వచ్చిన అసలు ప్యాట్ ఫైల్లో రాయొద్దు. సాఫ్ట్‌వేర్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసిన రోజు మీ పనంతా పోతుంది.

అన్నీ మొదటినుంచీ రాయక్కర్లేదు. 600×600 టైల్స్‌కి ప్యాటర్నే వద్దు. యూజర్ డిఫైన్డ్ హాచ్‌లో స్పేసింగ్ 600 పెట్టి డబుల్ (రెండు దిక్కులా గీతలు) ఆన్ చేస్తే చాలు. నెట్‌లో దొరికే ప్యాటర్న్‌లలో చాలావరకు అంగుళాలవి. మిల్లీమీటర్ల డ్రాయింగులో వాటికి స్కేలు 25.4 కావాలి.

పాత డ్రాయింగులో హాచ్ ఉంది కానీ ప్యాట్ ఫైలు లేదనుకోండి. ఆ హాచ్ వివరాలు డ్రాయింగులోనే ఉంటాయి. అదొక్కటే వేరే డ్రాయింగులోకి తీసుకుని డీఎక్స్‌ఎఫ్‌గా (డ్రాయింగుని అక్షరాల్లో రాసే ఫైలు రకం) సేవ్ చేసి నోట్‌ప్యాడ్‌లో తెరవండి. కోడ్ 53 కోణం, 43, 44 మొదలయ్యే చోటు, 45, 46 ఎడం, 49 గీత లేదా ఖాళీ పొడవు. ఇక్కడ ఒక మెలిక ఉంది. 45, 46లు డ్రాయింగు ఎక్స్, వైలలో ఉంటాయి, ప్యాట్ ఫైలుకేమో గీత వెంబడి లెక్క కావాలి. కాబట్టి 45 అంకెని ఎక్స్, 46 అంకెని వై అనుకుని, 53లోని కోణానికి కాస్, సైన్ తీసుకుంటే నాలుగో అంకె = ఎక్స్ × కాస్ + వై × సైన్, ఐదో అంకె = వై × కాస్ − ఎక్స్ × సైన్. పై మాడ్యులర్ ఇటుక నిలువు గీతకి 45లో -100, 46లో 100 కనిపిస్తాయి. 90 డిగ్రీలు వేస్తే 100, 100 వస్తాయి. హాచ్‌కి స్కేలు 1 కాక వేరేది ఉంటే పొడవులన్నిటినీ దాంతో భాగించాలి.

ఏటవాలు గీతలకి దశాంశాల్లో పిసినారితనం పనికిరాదు. 600 టైలు మూల నుంచి మూలకి 45 డిగ్రీల గీతల మధ్య ఎడం 424.264069. దాన్ని 424 అని రాస్తే గీతకి 0.264 చొప్పున తప్పుకుంటూ, యాభయ్యో గీతకి 13 మి.మీ. పక్కకి పోతుంది.

హాచ్ చిట్లినట్టు, వంకరగా కనిపిస్తే ప్యాటర్న్‌ని అనుమానించే ముందు కోఆర్డినేట్లు చూడండి. హైదరాబాద్ యూటీఎం (భూమిని మీటర్లలో కొలిచే మ్యాప్ పద్ధతి) సర్వే డ్రాయింగుల్లో నార్తింగ్, అంటే ఉత్తరం వైపు కొలత, 19 లక్షల మీటర్లు దాటుతుంది. అంత దూరం నుంచి లెక్కేస్తూ వస్తే చిన్న గీతలు చెదిరిపోతాయి. హాచ్ ఆరిజిన్‌ని బొమ్మ దగ్గరికే మార్చండి. గీతలు మరీ దట్టమని చెప్పి హాచ్ పెట్టనివ్వకపోతే స్కేలు, యూనిట్లు చూసుకోండి.

ప్యాట్ ఫైలుకి తిన్నని గీతలే తెలుసు, వంపులు తెలియవు. పెంకుల వంపు కావాలంటే పొట్టి గీతలుగా ముక్కలు చేయాలి. తాండూరు బండల ముక్కలతో పరిచిన నేలకి, రాతి కట్టుబడికి అయితే ప్యాటర్న్ రాయడం వృథా ప్రయాస. పక్కపక్కన పెడితే అంచులు కలిసేలా ఒక ముక్క గీసి, బ్లాకు (ఆటోక్యాడ్‌లో గీతలన్నీ కలిపి ఒకే వస్తువుగా చేసింది) చేసి, ఎక్స్‌ప్రెస్ టూల్స్‌లోని సూపర్‌హాచ్ వాడండి. అది బ్లాకు నకళ్లనే పరుస్తుంది కాబట్టి ఫైలు బరువెక్కుతుంది. షీట్‌లో కనిపించేంత మేరకే పెట్టండి.