కాన్వాస్ తివాచీకి రంగులు వేయడం ఎలా?

ఫ్లోర్‌క్లాత్ అన్న మాటను నేలగుడ్డ అని తెలుగు చేస్తే ఇల్లు తుడిచే తడిగుడ్డే గుర్తొస్తుంది. అందుకే నేను దాన్ని కాన్వాస్ తివాచీ అంటాను. మందపాటి కాన్వాస్‌కు పూత పూసి, బొమ్మ వేసి, పైన వార్నిష్ పట్టించి నేల మీద పరిచేది. 18వ శతాబ్దంలో ఇంగ్లండ్, అమెరికా ఇళ్లలో వీటికి మంచి గిరాకీ. పాలరాతి గచ్చు వేయించలేనివారు అదే గళ్ల నమూనాను గుడ్డ మీద వేయించుకునేవారు. 1863లో లినోలియంకు పేటెంట్ వచ్చాక ఇవి క్రమంగా మరుగున పడ్డాయి. హైదరాబాద్ దుమ్ముకు ఊలు తివాచీలు దులపలేక విసిగినవారికి మాత్రం ఇది హాయి. తడిగుడ్డతో తుడిస్తే చాలు.

గుడ్డ ఎంపిక

3 అడుగుల వెడల్పు, 5 అడుగుల పొడవుతో మొదలుపెట్టండి. సికింద్రాబాద్ రాణీగంజ్ వైపు టార్పాలిన్ దుకాణాల్లో అడిగితే కాన్వాస్ దొరుకుతుంది. అయితే మైనం పట్టించిన లారీ టార్పాలిన్ తెచ్చుకోకండి, దాని మీద రంగు నిలవదు. పూత లేని నూలు కాన్వాస్, 400 జీఎస్ఎం (చదరపు మీటరుకు 400 గ్రాముల బరువు) లేదా అంతకంటే మందంగా ఉన్నది కావాలి. మడత పడిన ముక్క ఇస్తే వద్దనండి. ఆ గీత ఇస్త్రీకి కూడా పూర్తిగా పోదు. గొట్టానికి చుట్టించి తెచ్చుకోండి.

పూత పీల్చుకుంటే గుడ్డ కుంచించుకుపోతుంది. కాబట్టి నాలుగు వైపులా 3 అంగుళాలు అదనంగా, అంటే 42 అంగుళాలకు 66 అంగుళాల ముక్క తీసుకోండి.

అసలు పని ఇక్కడే

బొమ్మకు ఒక ఆదివారం చాలు. దాని కింద, పైన వేసే పూతలకే వారం పడుతుంది. తివాచీ ఎన్నేళ్లు మన్నుతుందో తేల్చేది ఆ పూతలే. చేర్యాల నకాషీ చిత్రకారులు కూడా సుద్దమట్టి, గంజి, చింతగింజల జిగురు కలిపి ఖద్దరుకు పట్టించాకే గీత మొదలుపెడతారు. కాకపోతే ఆ పూత గోడకు వేలాడే పటానికి తగినది, కాళ్ల కింద, తడిగుడ్డ కింద నిలవదు. మనకు గోడలకు వాడే యాక్రిలిక్ ప్రైమర్ కావాలి.

ప్లైవుడ్ పలక మీద ప్లాస్టిక్ షీటు పరిచి, గుడ్డను బిగువుగా లాగి అంచుల్లో పిన్నులు కొట్టండి. ప్రైమర్‌ను రోలర్‌తో ఒకసారి అడ్డంగా, ఆరాక మరోసారి నిలువుగా వేయండి. తిరగేసి వెనక కూడా ఒక పూత వేయాలి. ఒకవైపే వేస్తే అంచులు అప్పడంలా లేస్తాయి. ఆరిన తర్వాత 220 నంబరు గరుకు కాగితంతో పైపైన రుద్ది, పొడి తుడిచేయండి.

ఇప్పుడు 38 అంగుళాలకు 62 అంగుళాలుగా కత్తిరించి, చుట్టూ అంగుళం లోపలికి మడవాలి. మూలల్లో గుడ్డను ఏటవాలుగా కోస్తే ఉబ్బెత్తు రాదు. మడతను జిగురుతో అంటించి, రాత్రంతా బరువైన పుస్తకాలు పెట్టండి. కుట్టు వద్దంటాను. కాళ్లకు ముందు అరిగేది ఆ దారమే.

బొమ్మ

నాకిష్టమైనది చుక్కల ముగ్గు. 13 చుక్కలు, 7 వచ్చేవరకు సందు చుక్క. చుక్కల మధ్య రెండున్నర అంగుళాలు వదిలితే ముగ్గు వెడల్పు 30 అంగుళాలు వస్తుంది. రెండు పక్కలా మూడేసి అంగుళాలు అంచుకు మిగులుతాయి. ముగ్గు వద్దనుకుంటే హైదరాబాద్‌లో పైగా వంశపు ప్రభువుల సమాధుల దగ్గర జాలీలు (చిల్లుల నగిషీ పలకలు) చూసి రండి, ఒక్కో జాలీ ఒక్కో తివాచీకి సరిపోయే నమూనా. దేవుళ్ల బొమ్మలు, లక్ష్మీపాదాలు మాత్రం వేయకండి. ఇంట్లో పెద్దవాళ్లు దాని మీద కాలు పెట్టరు, మిమ్మల్నీ పెట్టనివ్వరు.

గోడలకు వాడే యాక్రిలిక్ ఎమల్షన్ రంగులు చాలు, మిగిలిన డబ్బాలున్నా పనికొస్తాయి. తలుపులకు వేసే నూనె ఎనామిల్ వద్దు. అది కాలం గడిచేకొద్దీ పెళుసెక్కి, తివాచీ చుట్టినప్పుడు పగులుతుంది. నేల రంగు, అంటే బొమ్మ వెనక కనిపించే రంగు, రెండు పలుచని పూతలుగా వేసి, పూర్తిగా ఆరాక పెన్సిలుతో చుక్కలు పెట్టి గీత కలపండి. తిన్నని అంచు కావాలంటే మాస్కింగ్ టేపు అంటించి, టేపు అంచు మీద ముందు నేల రంగునే ఒకసారి రాసి, ఆ తర్వాత కొత్త రంగు వేయండి. రంగు టేపు కిందికి పాకదు.

వార్నిష్

పాలిష్ మేస్త్రీలు పీయూ అనే పాలీయురేథేన్‌లో నీటితో కలిసే రకం అడగండి, నూనె రకం పసుపెక్కుతుంది. పలుచగా 4 పూతలు, మధ్యలో డబ్బా మీద రాసినంత సేపు విరామం. నా మొదటి తివాచీకి జూలై ముసురులో వార్నిష్ వేశాను. తెల్లగా పాలు విరిగినట్టు మసకబారింది, కింద వేసిన దినపత్రిక వెనక్కి అతుక్కుంది. ఇప్పటికీ దాన్ని తిరగేస్తే ఆ నాటి సినిమా ప్రకటన చదవవచ్చు. మార్చి, ఏప్రిల్ నెలల్లో పెట్టుకోండి, అదీ ఫ్యాను గాలి నేరుగా తగలనిచోట.

మర్నాటికి చెప్పులు లేకుండా నడవవచ్చు. కుర్చీలు, బల్లలు వారం ఆగాక. కింద రబ్బరు జాలీ తప్పనిసరిగా వేయండి, నున్నటి గ్రానైట్ మీద ఇది జారుతుంది. ఎగుడుదిగుడు షాబాద్ బండల మీదైతే రాయి ఎత్తుగా ఉన్నచోటే రంగు అరుగుతుంది, అప్పుడు రబ్బరు కాస్త మందంగా ఉండాలి. ఇల్లు మారేటప్పుడు మడవకుండా, బొమ్మ పైకి కనిపించేలా చుట్టండి.