అవతార్ చర్మం బూడిద రంగుకు తిరిగితే, మెడ దగ్గర గీత పడితే: స్కిన్ టెక్స్చర్ సమస్యలు, పరిష్కారాలు

సెకండ్ లైఫ్ వంటి వర్చువల్ లోకాల్లో అవతార్‌కు చర్మం తయారు చేయడమంటే ప్రధానంగా టెక్స్చర్లు అనే మూడు చదరపు బొమ్మలు గీయడమే: తలకు ఒకటి, నడుము పైభాగానికి ఒకటి, కింది భాగానికి ఒకటి. దర్జీ జాకెట్టు గుడ్డను ముక్కలుగా కత్తిరించినట్టు శరీరపు ఉపరితలాన్ని కత్తిరించి బల్లపరుపుగా పరిచిన పటాన్ని యూవీ మ్యాప్ అంటారు. మనం గీసేది పరిచిన గుడ్డ మీద, లోపం బయటపడేది తొడిగిన ఒంటి మీద. అందువల్ల బొమ్మలో గంటసేపు వెదికినా దొరకని తప్పు అవతార్ మీద ఒక్క చూపుకే కనిపిస్తుంది. హనుమకొండలో నా దగ్గర త్రీడీ పని నేర్చుకొనే ఒక అమ్మాయి, బతుకమ్మ పండుగకు ముందు, ములుగు వైపు పల్లెలో ఉండే తన అమ్మమ్మ పోలికలతో ఒక అవతార్ చేయడానికి పూనుకొన్నది. ఈ పనిలో రాగల ఇబ్బందులు చాలావరకు ఆమెకు వరుసగా ఎదురయ్యాయి కనుక ఉదాహరణలను ఎక్కువగా ఆ పని నుంచే తీసుకొంటున్నాను.

దిద్దుబాటు మొదలుపెట్టే ముందు రెండు ఏర్పాట్లు చేసుకోవాలి. మొదటిది, ప్రతి మార్పుకూ బొమ్మను అప్‌లోడ్ చేయకుండా, టెక్స్చర్‌ను ఎంచుకొనే పెట్టెలోని ‘లోకల్’ విభాగం ద్వారా మన కంప్యూటరులోని ఫైలునే నేరుగా అవతార్‌కు తొడిగి చూడడం. బొమ్మలు గీసే ప్రోగ్రాములైన గింప్‌లోనో క్రితాలోనో ఫైలును సేవ్ చేసిన కొద్ది క్షణాల్లోనే మార్పు అవతార్ మీద కనిపిస్తుంది, ఖర్చు ఏమీ ఉండదు. మామూలు ఖాతాలో 1024 పిక్సెళ్ల వరకు ఉన్న ఒక్కొక్క బొమ్మ అప్‌లోడుకు సెకండ్ లైఫ్ నాణెమైన లిండెన్ డాలర్లు 10 పోతాయి. రెండవది, వ్యూయర్‌లో (ఆ లోకాన్ని మనకు చూపే ప్రోగ్రాములో) వెలుతురును మధ్యాహ్నానికి స్థిరంగా పెట్టుకోవడం. సాయంత్రపు నారింజ వెలుతురులో రంగులు సరిచేసిన చర్మం మరునాడు మధ్యాహ్నం వేరే మనిషిదిలా ఉంటుంది.

చర్మం బూడిద పూసినట్టు కనిపిస్తున్నది

“సార్, ఎంత ముదురు చేసినా మా అమ్మమ్మ రంగు వస్తలేదు, జ్వరం వచ్చినట్టున్నది” అని ఆ అమ్మాయి చెప్పిన లక్షణం ఇదే. మన ప్రాంతపు మనుషుల చర్మం గీయబోయే ప్రతివారికీ మొదట తగిలే దెబ్బ ఇది. నా లెక్కలో మిగతా లోపాలన్నీ దీని తరువాతివే.

కారణం చిన్న లెక్కలో తెలుస్తుంది. ఉచితంగా దొరికే మూల చర్మాలు చాలావరకు తెల్లని ఛాయవి. అటువంటి చర్మంలో ఒక చోట ఎరుపు 230, ఆకుపచ్చ 190, నీలం 170 ఉన్నాయనుకొందాం. వెలుగును 65 శాతానికి తగ్గిస్తే అవి సుమారుగా 150, 124, 111 అవుతాయి. చామనఛాయ చర్మంలో అదే ఎరుపు 150 దగ్గర ఆకుపచ్చ 103, నీలం 76 ప్రాంతంలో ఉంటాయి. మొదటిదానిలో రంగు గాఢత 26 శాతం, రెండవదానిలో 49 శాతం. అంటే తెల్లని చర్మాన్ని ఎంత చీకటి చేసినా అది నీడలో నిలబడ్డ తెల్లని చర్మంగానే ఉంటుంది తప్ప చామనఛాయగా మారదు.

పరిష్కారం కోసం వెలుగును తగ్గించే మీటను వదిలి కర్వ్స్ పనిముట్టును తెరవాలి. మూడు రంగులను విడివిడిగా పట్టుకొని, ఎరుపును కొద్దిగా, ఆకుపచ్చను అంతకంటె ఎక్కువగా, నీలాన్ని అన్నిటికంటె ఎక్కువగా దించాలి. ఆ అమర్పును పేరు పెట్టి భద్రపరచుకొని తల, పైభాగం, కింది భాగం మూడింటికీ అదే వర్తింపజేయాలి. ఒక్కొక్క బొమ్మను కంటి అంచనాతో విడిగా దిద్దితే తరువాత చెప్పబోయే మెడ గీత తప్పదు. నీడలకు నల్లరంగును వాడకూడదు. మల్టిప్లై (కింది రంగును ముదురు చేసే) పద్ధతిలో ఉన్న ఒక లేయర్, అంటే పొర, మీద ముదురు ఇటుక రంగుతో నీడలు వేస్తే ముఖంలో రక్తం ఉన్నట్టుంటుంది, నల్లరంగుతో వేస్తే మసి అంటినట్టుంటుంది.

ఇంతటితో పని పూర్తి కాదు. తెల్లని చర్మం గీసినవారు ముక్కు కొనకు, బుగ్గలకు, వేళ్ల కణుపులకు గులాబీ రంగు వేసి ఉంటారు. ఆ రంగు మన ఛాయ మీదికి వచ్చేసరికి దద్దురులా కనిపిస్తుంది. చామనఛాయలో కణుపులు, మోచేతులు, మోకాళ్లు, మెడ ముడతలు, పెదవుల మూలలు చుట్టుపక్కల కంటె ముదురుగా ఉంటాయి; అరచేతులు, అరికాళ్లు స్పష్టంగా లేతగా ఉంటాయి. మొత్తం బొమ్మకు ఒకే కర్వ్ వేసినప్పుడు అరచేతులు కూడా నల్లబడతాయి కనుక వాటిని మాస్క్‌తో వేరుచేసి, పాత వెలుగులో సగమైనా వెనక్కి తేవాలి. గోళ్లకూ ఇదే వర్తిస్తుంది. బుగ్గల మీద గులాబీ స్థానంలో బెల్లం రంగును చాలా పలుచగా వేస్తే సరిపోతుంది.

ఫొటో ఆధారంగా గీసేవారికి ఒక మాట. ఫోన్‌లోని బ్యూటీ మోడ్ చర్మాన్ని తెల్లబరచి, నున్నగా చేసి మన శ్రమను మొదట్లోనే పాడుచేస్తుంది, దానిని ఆపివేయాలి. ట్యూబ్‌లైటు కింద తీసిన ఫొటోలో ఆకుపచ్చ ఛాయ చేరుతుంది. ఫ్లాష్ వేస్తే నుదుటి మీద తెల్లని మెరుపు పడి, అది చర్మంలో శాశ్వతంగా అతుక్కుపోతుంది, ఆ తరువాత వర్చువల్ సూర్యుడు ఎటు తిరిగినా ఆ మెరుపు అక్కడే ఉంటుంది. మబ్బు పట్టిన రోజు వరండాలో కూర్చోబెట్టి తీసిన ఫొటో అన్నిటికంటె మంచిది. ఎవరి ముఖమైనా సరే, వారి అనుమతితోనే తీయాలి.

గింప్‌లో సరిగా ఉన్న రంగు త్రీడీ ప్రోగ్రాము బ్లెండర్‌లో వెలిసినట్టు కనిపిస్తే బొమ్మను ముట్టుకోవద్దు. బ్లెండర్ 2023లో వచ్చిన 4.0 నుంచి మనం మార్చకపోతే ఏజీఎక్స్ అనే రంగుల అమరికను వాడుతుంది. కలర్ మేనేజ్‌మెంట్‌లో వ్యూ ట్రాన్స్‌ఫార్మ్‌ను ‘స్టాండర్డ్’కు మారిస్తే అసలు రంగు కనిపిస్తుంది.

మెడ చుట్టూ, నడుము చుట్టూ గీత పడుతున్నది

ఇది రెండు రకాలు. మొదట ఏ రకమో తేల్చుకోవాలి.

దగ్గరగా చూసినా దూరంగా చూసినా గీతకు అటు ఒక రంగు, ఇటు ఒక రంగు ఉంటే, తల బొమ్మకూ ఒంటి బొమ్మకూ మధ్య రంగు కలవలేదన్నమాట. అతుకుకు రెండు వైపులా రంగు నమూనా తీసుకొని మూడు అంకెలనూ పోల్చాలి. కంటికి ఒకటిగా తోచిన రంగులు అంకెల్లో పది పదిహేను తేడాతో ఉండడం మామూలే. చర్మ రంధ్రాల కోసం నాయిస్ ఫిల్టర్‌ను ఒక్కొక్క బొమ్మ మీద విడివిడిగా వేసినా అతుకు దగ్గర ఆ చుక్కలు తెగిపోయి గీత కనిపిస్తుంది. బ్లెండర్‌లో శరీరాన్ని తెరిచి, టెక్స్చర్ పెయింట్ పద్ధతిలో అతుకు మీదుగా కుంచెను అడ్డంగా నడిపిస్తే రెండు బొమ్మలూ ఏకకాలంలో సరిపడతాయి. తల ఒకరు చేసినది, ఒళ్లు మరొకరు చేసినది అయినప్పుడు మెడ కింది భాగానికి మాత్రమే ఒక పలుచని టాటూ లేయర్ (చర్మం మీద తొడిగే పొర) వేసి రంగును మెల్లగా కలపడం తప్ప వేరే దారి ఉండదు.

దగ్గరగా చూస్తే గీత లేకుండా, దూరం జరిగితే సన్నని తెల్లగీతో నల్లగీతో తేలుతుంటే అది రెండవ రకం. దూరంగా ఉన్న అవతార్‌కు వ్యూయర్ 1024 బొమ్మను 512, 256, 128, 64 అంటూ సగాలుగా తగ్గించి వాడుతుంది. తగ్గించేటప్పుడు పక్కపక్క పిక్సెళ్లు కలిసిపోయి, యూవీ ముక్క బయట ఉన్న ఖాళీ రంగు లోపలికి వస్తుంది. దర్జీ కుట్టు లోపలికి కొంత గుడ్డను వదులుతాడు కదా, ఇక్కడా అంతే: ముక్క అంచు దాటి చర్మపు రంగును కనీసం 16 పిక్సెళ్లు బయటికి పూయాలి. 1024లో 16 పిక్సెళ్ల అంచు 64కు వచ్చేసరికి ఒక్క పిక్సెల్‌గా మిగులుతుంది, ఆ ఒక్కటే గీతను ఆపుతుంది.

ఎడమచేతి పచ్చబొట్టు కుడిచేతికీ వచ్చింది

అమ్మమ్మ ఎడమ ముంజేతి మీద చుక్కల వరుస, దాని కింద పేరు పచ్చబొట్టుగా ఉన్నాయి. అవతార్ మీద అవి రెండు చేతులకూ వచ్చాయి, ఒక చేతి మీద పేరు అద్దంలో చూసినట్టు తిరగబడింది. గీసినవారి తప్పు ఇందులో ఏమీ లేదు. సెకండ్ లైఫ్ పాత శరీరపు యూవీలో రెండు చేతులూ ఒకే ముక్కను పంచుకొంటాయి, కాళ్లదీ అదే సంగతి. చర్మాన్ని మెష్ శరీరం (కొని తొడిగే త్రీడీ శరీరం) మీద చూపే బేక్స్ ఆన్ మెష్ అనే సదుపాయం 2019లో వచ్చింది; దానితో పాటు యూనివర్సల్ అనే కొత్త రకం లేయరునూ, అందులో ఎడమ చేతికీ ఎడమ కాలికీ ప్రత్యేక స్థానాలనూ ఇచ్చారు. పచ్చబొట్టును అక్కడ వేస్తే ఒక చేతికే పరిమితమవుతుంది. అయితే మనం తొడిగిన మెష్ శరీరాన్ని తయారు చేసినవారు ఆ స్థానాన్ని వాడి ఉంటేనే ఇది పనిచేస్తుంది, శరీరం కొనే ముందే దీనిని అడిగి తెలుసుకోవడం మేలు. వాడని శరీరమైతే ఆ ఒక్క ముంజేతికి సరిపడే పలుచని మెష్ తొడుగు చేసి, పచ్చబొట్టును దాని మీద గీయాలి.

పచ్చబొట్టు చుట్టూ తెల్లని అంచు కనిపిస్తే కారణం వేరు. పారదర్శకమైన పిక్సెల్‌కు కూడా లోపల ఒక రంగు ఉంటుంది, సాధారణంగా అది తెలుపో నలుపో అవుతుంది. అంచు మెత్తబడేచోట ఆ రంగు బయటికి తొంగిచూస్తుంది. బొమ్మ అడుగున పచ్చబొట్టు రంగుతోనే నిండిన లేయర్ ఒకటి పెట్టి, దాని అపాసిటీని (గాఢతను) ఒక శాతానికి దించి, పీఎన్‌జీగా ఎగుమతి చేసేటప్పుడు పారదర్శక పిక్సెళ్ల రంగును భద్రపరచే ఎంపికను టిక్ చేయాలి. రంగు విషయానికి వస్తే, పాత పచ్చబొట్టు ఆకుపచ్చ సిరాలా మెరవదు. చర్మం కిందినుంచి కనిపించే మసకబారిన నీలిపచ్చగా, అంచులు చెదిరి ఉంటుంది.

కొన్ని చిన్న లోపాలు

జుట్టు ముఖంలోంచి కనిపించడం, చేయి ఒక కోణంలో మాయమవడం ఆల్ఫా ఛానల్ (బొమ్మలోని పారదర్శకత సమాచారం) వల్ల జరుగుతాయి. చర్మం అడుగు పొర కనుక దానికి పారదర్శకత అవసరం లేదు, బొమ్మను ఫ్లాటెన్ చేసి (పొరలన్నిటినీ ఒకటి చేసి) ఆల్ఫాను తీసివేసి మళ్లీ ఎగుమతి చేస్తే పోతుంది.

చర్మం మసకగా ఉంటే పని ఫైలును జేపెగ్‌గా పదేపదే సేవ్ చేశారేమో చూడాలి, పని ముగిసేదాకా గింప్ సొంత రూపంలోనే ఉంచుకోవాలి. ముఖానికి ఒక బొమ్మ మొత్తం దొరుకుతుంది, పాదానికి దొరికేది కింది భాగపు బొమ్మలో చిన్న మూల మాత్రమే. కాబట్టి పాదాలకు పూసిన పసుపు అంచును సన్నని గీతగా కాక కొంత వెడల్పుగా గీయడమే ఉపాయం.

కళ్లు, పెదవులు స్థానం తప్పి సాగినట్టుంటే ఆ తల వేరే యూవీ మీద చేసినదని అర్థం. ఎవో ఎక్స్ వంటి, విడిగా కొనే మెష్ తలలకు వాటి పటం మీదే గీయాలి. పాత పటం మీద గీసిన చర్మాన్ని లాగి సరిచేయబోవడం వృథా ప్రయాస.

నాకు కనిపిస్తున్నది, ఇతరులకు కనిపించడం లేదు

లోకల్ టెక్స్చర్ తొడిగి ఉండడమే దీనికి తరచుగా కారణం. ఆ బొమ్మ మన కంప్యూటరు దాటి వెళ్లదు. అప్‌లోడ్ చేసిన బొమ్మనే స్కిన్‌లో పెట్టి సేవ్ చేయాలి. అప్పటికీ ఇతరులకు బూడిదరంగు బొమ్మగానో మబ్బుగానో కనిపిస్తే, పొరలన్నిటినీ కలిపి సర్వర్ వండే బేక్ పూర్తి కాలేదన్నమాట. కంట్రోల్, ఆల్ట్, ఆర్ మూడింటినీ కలిపి నొక్కితే బేక్ మళ్లీ మొదలవుతుంది. కరెంటు పోయి వచ్చి నెట్ తడబడుతున్న సాయంత్రాల్లో ఇది రెండుసార్లు చేయవలసి రావచ్చు. పాత చర్మమే కనిపిస్తుంటే మెష్ శరీరపు హడ్‌లో (దాని అమరికలను మార్చే, తెర మీది పెట్టెలో) బేక్స్ ఆన్ మెష్ ఆన్ అయి ఉన్నదో లేదో చూడాలి.

బొట్టు స్థానం తప్పినట్టున్నది

అన్నీ సరిపడిన తరువాత ఫోన్ తెర మీద తన బొమ్మను చూసిన అమ్మమ్మ, “బొట్టు జర కిందికి పెట్టినవ్ బిడ్డా” అన్నదట. ఆమె చెప్పింది నిజమే. నుదురు, కనుబొమల ఆకారాన్ని మార్చే షేప్ స్లైడర్లను జరిపినప్పుడు మెష్ సాగుతుంది, దాని మీద ఉన్న బొట్టు కూడా సాగి కిందికి దిగుతుంది. అందుకే బొట్టును చర్మంలో కలపకుండా విడి టాటూ లేయర్‌లో ఉంచి, షేప్ ఖాయమైన తరువాతే స్థానం నిర్ణయించాలి. ముఖం బొమ్మ మధ్యలో ఉండే పటంలో 1024 వెడల్పుకు నడిగీత 512 దగ్గర, అంటే రెండు పిక్సెళ్ల మధ్య పడుతుంది. కనుక బొట్టు వెడల్పు సరిసంఖ్యలో ఉంటేనే సరిగ్గా నడుమ కూర్చుంటుంది. ఆ అమ్మాయి 25 పిక్సెళ్ల బొట్టును 26 చేసి, తొమ్మిది పిక్సెళ్లు పైకి జరిపి మళ్లీ అప్‌లోడ్ చేసింది.