పాత ఇల్లు అమ్మకముందే కొత్త ఇల్లు కొన్నవారికి అదనపు స్టాంప్ డ్యూటీ వాపసు: ఇంగ్లండ్‌లో దరఖాస్తు విధానం

ఇంగ్లండ్‌లో గానీ ఉత్తర ఐర్లండ్‌లో గానీ, ఉంటున్న ఇల్లు అమ్ముడుపోకముందే మరో ఇల్లు కొన్నవారికి కొనుగోలు పూర్తయిన రోజు చివరికి రెండు ఇళ్లు ఉన్నట్టు లెక్క కాబట్టి, వారు స్టాంప్ డ్యూటీ ల్యాండ్ టాక్స్‌ను అదనపు రేటుతో చెల్లించవలసి వస్తుంది. 2016 ఏప్రిల్ 1న 3 శాతంతో మొదలైన ఈ అదనపు పన్ను 2024 అక్టోబర్ 31 నుంచి 5 శాతమైంది. ఇది ధరలో ఒక పరిమితి దాటిన భాగం మీద కాక మొత్తం ధర మీద పడుతుంది. 4,00,000 పౌండ్ల ఇంటికి 2025 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న మామూలు రేట్ల ప్రకారం 10,000 పౌండ్లు కట్టాలి. పాత ఇల్లు ఇంకా చేతిలో ఉంటే దానికి మరో 20,000 పౌండ్లు కలుస్తాయి. కొనుగోలు పూర్తయిన 14 రోజుల్లో రిటర్న్ దాఖలు చేసి ఈ మొత్తమంతా చెల్లించాలి. తరువాత వాపసు వచ్చేదే కదా అని ఇప్పుడు తగ్గించి కట్టే వీలు లేదు. కాబట్టి కొత్త ఇంటికి ధర చెప్పేముందే ఈ సొమ్ము ఎక్కడి నుంచి తేవాలో తేల్చుకోవడం మంచిది.

కొత్త ఇల్లు కొన్న తేదీ నుంచి మూడేళ్లలోపు పాత ఇల్లు అమ్మితే అదనంగా కట్టిన భాగం వాపసు పొందవచ్చు. అయితే అది దానంతట అదే ఖాతాలోకి రాదు, పన్ను శాఖ అయిన హెచ్‌ఎంఆర్‌సీకి దరఖాస్తు చేసుకోవాలి. పాత ఇంటి అమ్మకంతో సొలిసిటర్‌కు (ఇంటి లావాదేవీ పనులు చూసే న్యాయవాదికి) అప్పగించిన పని ముగిసిపోతుంది గనుక, ఈ దరఖాస్తు కూడా ఆయనే చేస్తారని అనుకోకుండా ముందే అడిగి తెలుసుకోవాలి.

అర్హతకు మూడు షరతులున్నాయి. కొత్త ఇంటిని మీ ప్రధాన నివాసంగా ఉండే ఉద్దేశంతోనే కొని ఉండాలి. అమ్మిన ఇల్లు, కొత్తది కొన్న తేదీకి ముందు మూడేళ్లలో ఏదో ఒక సమయంలోనైనా మీ ప్రధాన నివాసమై ఉండాలి. అంటే మీరు కొత్త ఇంటికి మారాక పాతదాన్ని కొంతకాలం అద్దెకు ఇచ్చి, ఆ తరువాత అమ్మినా అర్హత పోదు. మూడవది, పాత ఇంటిలో మీకు గానీ మీ భార్యకు లేదా భర్తకు గానీ వాటా మిగలకూడదు. భార్యాభర్తలను ఈ పన్ను విషయంలో ఒకే కొనుగోలుదారుగా చూస్తారు కాబట్టి, భర్త తన వాటాను భార్య పేరున రాసినంత మాత్రాన ఇల్లు వదులుకున్నట్టు కాదు.

మన ఊళ్లలో ఉన్న ఆస్తి సంగతి ఇక్కడ విడిగా చెప్పుకోవలసి ఉంది. ఇళ్లను లెక్కించేటప్పుడు ప్రపంచంలో ఎక్కడున్న ఇల్లయినా, అందులో మీ వాటా విలువ 40,000 పౌండ్లు లేదా అంతకు మించితే లెక్కలోకి వస్తుంది. హైదరాబాద్‌లోని ఫ్లాటుకు, విజయవాడలోని సొంతింటికి మినహాయింపు లేదు. వారసత్వంగా వచ్చిన ఇంటిలో వాటా సగానికి మించకుండా, కొత్త ఇల్లు కొనడానికి ముందు మూడేళ్లలోపు సంక్రమించినదైతే మాత్రం దాన్ని పరిగణించరు. అయితే వాపసుకు కావలసింది పాత ప్రధాన నివాసాన్ని అమ్మడం మాత్రమే. లండన్‌లో తాము ఉన్న పాత ఇంటిని గడువులోపు అమ్మినవారికి, హైదరాబాద్ ఫ్లాటు ఇంకా తమ పేరునే ఉన్నా వాపసు వస్తుంది. లండన్ ఇల్లు ఉంచుకుని, పదేళ్లుగా అద్దెకిచ్చిన హైదరాబాద్ ఫ్లాటును అమ్మినవారికి రాదు, ఎందుకంటే వారు ఆ మూడేళ్లలో అందులో నివసించలేదు.

గడువులు రెండున్నాయి, వాటిని కలిపి ఒకటే అనుకోవడం వల్ల నష్టపోయే ప్రమాదం ఉంది. మూడేళ్ల గడువు అమ్మకానికి సంబంధించినది. దరఖాస్తు గడువు వేరు: పాత ఇల్లు అమ్మిన తేదీ నుంచి 12 నెలలు, లేదా కొత్త ఇంటి రిటర్న్ దాఖలుకు ఉన్న చివరి తేదీ నుంచి 12 నెలలు, ఈ రెండింటిలో ఏది తరువాత వస్తే అది. కొన్న ఆరు నెలలకే పాత ఇల్లు అమ్మి, మూడేళ్లు సమయముంది కదా అని దరఖాస్తు పక్కన పెట్టినవారు ఈ రెండో గడువును దాటిపోతారు.

దరఖాస్తును ప్రభుత్వ వెబ్‌సైట్ గవ్‌.యూకేలో ఆన్‌లైన్‌లో నింపవచ్చు, లేదా ఫారం నింపి ముద్రించి తపాలాలో పంపవచ్చు. ప్రధాన కొనుగోలుదారు గానీ, వారి రాతపూర్వక అనుమతి పొందిన ఏజెంటు గానీ దాఖలు చేయాలి. కూర్చోబోయేముందు కొత్త ఇంటి రిటర్న్ ప్రతిని దగ్గర పెట్టుకోవాలి, ఎందుకంటే అడిగే వివరాలలో ముఖ్యమైనది ఆ రిటర్న్‌కు కేటాయించిన 11 అక్షరాంకెల లావాదేవీ సంఖ్య. ఆ ప్రతి లేకపోతే సొలిసిటర్‌ను అడిగితే ఇస్తారు. దానితోపాటు కొన్న ఇంటి చిరునామా, కొనుగోలు పూర్తయిన తేదీ, అమ్మిన ఇంటి చిరునామా, అమ్మకం పూర్తయిన తేదీ, దాన్ని కొన్నవారి పేరు, చెల్లించిన మొత్తం పన్ను, వాపసు కోరుతున్న మొత్తం, సొమ్ము చేరవలసిన బ్యాంకు ఖాతా సంఖ్య, సార్ట్ కోడ్ (బ్యాంకు శాఖను తెలిపే సంఖ్య) ఇవ్వాలి. రెండు తేదీలూ ఒప్పందం కుదిరిన రోజువి కాక, ఇల్లు చేతులు మారిన రోజువి కావాలి. వాపసు కోరే మొత్తం గడిలో కట్టిన పన్నంతా వేయకూడదు: పై ఉదాహరణలో అక్కడ రావలసింది 30,000 కాదు, 20,000.

బ్రిటన్ వెలుపల నివసించేవారి కొనుగోళ్లపై 2021 ఏప్రిల్ నుంచి పడుతున్న 2 శాతం అదనపు పన్ను ఇది కాదు. దాని వాపసుకు షరతులు వేరు. దరఖాస్తుకు ప్రభుత్వం రుసుము తీసుకోదు. వచ్చిన సొమ్ములో వాటా తీసుకుని ఈ పని చేసిపెడతామనే సంస్థలు ఉన్నాయి గానీ, సాధారణ సందర్భంలో వాటి అవసరం కనిపించదు. పైగా వారు తప్పుడు వివరాలు రాసినా జవాబు చెప్పుకోవలసింది కొనుగోలుదారే.

మూడేళ్లు దాటాక అమ్మినవారికి దారి పూర్తిగా మూసుకుపోలేదు. 2017 జనవరి 1న లేదా ఆ తరువాత కొత్త ఇల్లు కొన్నవారు, తమ చేతిలో లేని అసాధారణ కారణాల వల్లనే అమ్మకం ఆగిందనీ, ఆ అడ్డంకి తొలగిన వెంటనే అమ్మామనీ చూపగలిగితే హెచ్‌ఎంఆర్‌సీ పరిశీలిస్తుంది. ప్రభుత్వ సంస్థ చర్య వల్ల అమ్మకం నిలిచిపోవడం అటువంటి కారణమవుతుంది. మంచి ధర కోసం ఆగడం కాదు. ఇటువంటి దరఖాస్తుతో అమ్మకం ఎప్పుడు ఎందుకు ఆగిందో తేదీలవారీగా తెలిపే వివరణను, దానికి ఆధారమైన పత్రాలను జతచేయాలి.